పిలుపు వెనక దగ్గు

మూడో అంతస్తు, వీధి వైపు గది
వానలు మొదలైన వారం

మరదలు పిల్లకి,

అరవై దాటినదాన్ని పట్టుకుని ఇంకా పిల్లేమిటని మూతి తిప్పుకుంటావని తెలుసు. నాకు మాత్రం నువ్వు మీ అక్క వెనక నక్కి నా బట్టతల మీద జోకులేసే పిల్లవే. అప్పటికి నాకు నెత్తి నిండా జుట్టుండేది. నీకు ముందే కనపడిపోయింది. అంత దూరదృష్టి ఉన్నదానివి కళ్ళజోళ్ళ షాపు పెట్టుకోవడం సబబుగానే ఉంది.

ఇక నువ్వడిగినదానికి జవాబు. లేదు, ఊళ్ళో తిరుగుతున్న ఈ దగ్గు జబ్బుకి టీకా ఇంకా వేయించుకోలేదు. వేయించుకోనని కాదు. వానలు తగ్గనీ అనుకుంటున్నాను.

నాకు సైన్సు మీద నమ్మకం లేదనుకునేవు. పుస్తకాలకి అట్టలు కట్టి బతికినవాణ్ణి, నా చదువంతా కుట్టు పడకముందు కాగితాల్లో చదివిందే. ఒక లావుపాటి వైద్య గ్రంథం ఊపిరితిత్తుల దాకా చదివాను. అంతలో దాని ఆసామి వచ్చి పట్టుకుపోయాడు. అందుకే ఊపిరి గురించి ఎంతైనా మాట్లాడగలను గానీ, గుండె గురించి నాకిప్పటికీ ఏమీ తెలియదు.

ఈ మేడలో నాలాంటి పాత సరుకు ఇంకో ముగ్గురున్నారు. కింద కెప్టెన్. ఓడలో వంటవాడిగా చేసినాయన, కానీ కెప్టెన్ అంటేనే పలుకుతాడు. ఎన్నో రేవుల్లో ఎన్నో సూదులు పొడిపించుకున్నాననీ, ఒంట్లో ఇంక చోటు లేదనీ ఆయన వాదన. నా పక్క వాటాలో లెక్కల టీచరమ్మ. ఉబ్బసం మనిషి. ‘ఎంతమందికి వేశారు, ఎంతమందికి తేడా చేసింది, లెక్క నా చేతికిస్తే అప్పుడు చూద్దాం’ అంటుంది. పై అంతస్తులో పహిల్వాన్. ఆయనకి వాదనేం లేదు. సూదంటే భయం. ఆ మాట పైకి చెప్పలేక మోకాళ్ళ నొప్పులంటాడు.

అసలు సంగతి వేరే ఉంది. చెబితే నవ్వుతావో ఏడుస్తావో తెలీదు.

ప్రతి బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది. ఆరోగ్యశాఖవాళ్ళు ముసలాళ్ళందరికీ చేయిస్తున్న ఫోన్. టీకా వేయించుకునేదాకా వారం వారం వస్తుంది, వేయించుకుంటే ఆగిపోతుంది. ఎత్తితే ముందు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తర్వాత, ‘నమస్కారం. దయచేసి వినండి. మీ వంతు వచ్చింది. రండి.’

మీ అక్క.

స్టేషన్లో రైళ్ళ వేళలు, టికెట్ల దగ్గర వంతులు చెప్పే పని మనిషి నుంచి మెషీనుకి మార్చేటప్పుడు, ఆమె చేత మాటలన్నీ విడివిడిగా చెప్పించి రికార్డు చేసుకున్నారు, గుర్తుందా? ఊళ్ళో ముసలాళ్ళంతా ఆ గొంతు విని రైళ్ళెక్కినవాళ్ళే కదా, నమ్ముతారని ఆ పాత మాటల్ని ఏరి అతికించారట. ‘టీకా’ అన్న మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అందుకని ‘రండి’ తర్వాత ఎవడో కుర్రగొంతు వాడు వచ్చి ఎక్కడికి రావాలో, ఎందుకు రావాలో చెబుతాడు.

కానీ ఈ మేడలో ఎవరు అంతవరకూ వింటారు? మూడేళ్ళ కిందట మీ అక్కని సాగనంపడానికి వచ్చి, మన్ను పడేదాకా నిలబడ్డ మనుషులు వీళ్ళు. ఆవిడే ఫోన్ చేసి మీ వంతు వచ్చిందంటే? కెప్టెన్ మొదటిసారి రిసీవర్‌ని వేడి మూకుడు పట్టుకున్నట్టు వదిలేశాడు. పహిల్వాన్ మెట్లు దిగి వచ్చి, ‘అన్నా, వదినమ్మతో నాకేం గొడవల్లేవు కదా?’ అని అడిగాడు.

అదీ ఇక్కడి కథ. నువ్వు ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ మాట సగమే వినపడుతుంది, ఉత్తరమైతే ఎంతసేపైనా వినొచ్చు. బుధవారం అసలు చెయ్యకు.

మీ బావ

*

షాపు వెనక గది
శనివారం

బావకి,

వానలు తగ్గాక ఎండలంటావు, ఎండలు తగ్గాక చలంటావు. నీ సంగతి నాకు కొత్తా?

నా షాపుకొచ్చే ముసలాళ్ళ కబుర్లు విను. ఒకాయన వాళ్ళ తమ్ముడు వేయించుకున్నాడని తను మానేశాడు. వాళ్ళిద్దరికీ పాతికేళ్ళుగా మాటల్లేవు. ఒకావిడ మనవరాలు దగ్గరికి రానివ్వడం లేదని పొద్దున్నే వెళ్ళి వరసలో మొదట నిలబడింది. తాపీ మేస్త్రీ ఒకాయన, ‘అమ్మా, నాకు అడ్డగోలు భయంగా ఉంది, వేయించుకుంటే భయం, మానేస్తే భయం. ఏ భయం చవకో నువ్వు చెప్పు’ అని అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. రెండో భయమే ఖరీదని చెప్పి పంపించాను. వేయించుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించడానికి మళ్ళీ వచ్చాడు.

నేను ఎప్పుడో వేయించేసుకున్నాను. చెయ్యి రెండు రోజులు లాగింది, అంతే. ఆ ఫోన్ నాకూ ఒకసారి వచ్చింది. సగంలో పెట్టేశాను.

అక్క గొంతైతే ఏమిటి? అది మెషీను. అతుకులు నీకు తెలియవా, జీవితమంతా అతికించినవాడివి. ఆ కుర్రాడు చెప్పేదాకా విని, చెప్పిన చోటికి వెళ్ళు. నీ వెనక ఆ ముగ్గుర్నీ తీసుకెళ్ళు. ముఖ్యంగా టీచరమ్మని. ఉబ్బసం మనిషికి ఈ జబ్బు తగులుకుంటే మాటలు కాదు.

బుధవారం ఫోన్ చెయ్యొద్దన్నావేం?

నీ మరదలు

*

మూడో అంతస్తు
వాన తెరిపిచ్చిన రోజు

మరదలా,

కెప్టెన్ పోయాడు.

ఆ జబ్బే. ముందు గొంతులో గరగర అన్నాడు, మిరియాల ఘాటన్నాడు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నా గది నేలలోంచి వినపడేది. కుర్చీలో కూర్చుంటే పాదాలకి తగిలేది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నా వంక చూసి, ‘మీ ఆవిడ టైముకి పిలిచే మనిషే’ అని నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. నేను ఆయన నోట విన్న ఆఖరి మాట అదే.

దాని తర్వాత జరిగింది చెబుతాను. నువ్వు మాత్రం వెంటనే మెషీను, అతుకులు అనకు.

బుధవారం టీచరమ్మ గుండె దిటవు చేసుకుని, ఈసారి చివరిదాకా వింటానని కూర్చుంది. పహిల్వాన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నన్నూ పిలిచారు. మోగింది. ఎత్తింది. వింటూ వింటూ ఆవిడ మొహంలో నెత్తురు దిగిపోయింది. రిసీవర్ పెట్టేసి, ‘ఆవిడ పక్కన ఎవరో ఉన్నారు’ అంది.

‘ఎవరు?’ అన్నాడు పహిల్వాన్.

‘రండి అన్నాక ఎవరో దగ్గారు. మగ దగ్గు. ఆవిడ వెనకాల, కొంచెం దూరంలో, గోడ వారగా కూర్చున్నట్టు.’

పహిల్వాన్ పైకి పరిగెత్తాడు. ఆయన ఫోనూ మోగుతోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి రెండేసి మెట్లు ఎక్కడం ఆ రోజే చూశాను. దిగి వచ్చేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని దిగాడు. ‘కెప్టెనే అన్నా. ఒట్టు. కెప్టెన్ అక్కడ కూర్చున్నాడు’ అన్నాడు.

ఇదివరకు ఆ దగ్గు లేదని ఇద్దరూ అంటున్నారు. ఇదివరకు వీళ్ళు అంతవరకూ విన్నదెప్పుడు? కానీ ఆ మాట అడిగేవాడెవడు? ఇద్దరి ఫోన్ల మీదా దిండ్లు పెట్టేశారు. దిండు కింద మోగే ఫోన్ ఎలా ఉంటుందో తెలుసా? నోరు నొక్కితే మూలిగినట్టుంటుంది. టీచరమ్మ ఒకటే మాట. ‘అక్కడ పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంటుంది. నేను పోను.’ టీకా మాట ఎత్తితే చెవులు మూసుకుంటోంది. ఆవిడ పిల్లికూతల ఊపిరి గోడలోంచి వినపడుతూనే ఉంది.

నేనేం మాట్లాడలేదు.

మీ బావ

*

షాపు
మంగళవారం

బావా,

కెప్టెన్ గారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. పోయినసారి షాపుకి వచ్చినప్పుడు నా చేత చత్వారం కళ్ళజోడు పెట్టించుకుని, ‘ఇన్నాళ్ళూ ఉప్పు అందాజుగా వేశానమ్మా’ అన్నారు.

కానీ నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆఖరి మాట దగ్గరే ఆగిపోతున్నాను. నువ్వేం మాట్లాడలేదా? బస్సులో పక్కవాడి చేతిలో పేపర్ కూడా విప్పి చదివి వాడికే అర్థం చెప్పే మనిషివి. ఇద్దరు మనుషులు నీ ఎదురుగా వణికిపోతుంటే నోరు కుట్టేసుకున్నావా?

నీకా దగ్గు ఎవరిదో తెలుసు. ఏం దాస్తున్నావు?

నీ మరదలు

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
మబ్బు రోజు

మరదలా,

నీ కళ్ళకి ఎవరు అద్దాలు అమర్చారే?

ఆ దగ్గు నాది.

రికార్డింగు రోజు మీ అక్క ఒంటరిగా రానంది. ఆ గది చూస్తే నీకూ భయమేసేది. గోడలకి మందపాటి మెత్తలు, కిటికీ లేదు, తలుపు వేస్తే మన చెవిలో మన నెత్తురే వినపడుతుంది. బతికున్నవాళ్ళ కోసం కట్టిన గదిలా లేదు. ఇంజనీరు జాలిపడి నన్ను మూల స్టూలు మీద కూర్చోనిచ్చాడు. కదలకూడదు, దగ్గకూడదు. ప్రతి మాటా మూడు రకాలుగా చెప్పాలి. వాక్యం మొదట్లోదిగా, మధ్యలోదిగా, చివరిదిగా. చివరిదైతే గొంతు మెల్లగా దించాలి. ఆమె ‘రండి’ అని దించే సమయానికి, పొద్దుటినుంచీ బిగబట్టిన దగ్గు నా గొంతు దాటి వచ్చేసింది. మీ అక్క వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీదుంది. ఇంజనీరు అలిసిపోయి, ‘పోనీలెండి, స్టేషన్ గోలలో ఎవరికి వినపడుతుంది’ అన్నాడు.

స్టేషన్లో ఎవరికీ వినపడలేదు. ఇక్కడ, చెవికి ఆనించుకున్న ఫోన్లో వినపడుతోంది.

మొదటి బుధవారమే గుర్తుపట్టాను. ఆవిడ మాట్లాడుతుంది, నేను ఆ మూల కూర్చుని ఉంటాను. తలుపు వేసే ఉంటుంది. ఇక్కడ కుర్చీలో ఉన్నవాణ్ణి నేనో, అక్కడ స్టూలు మీద దగ్గినవాణ్ణి నేనో, ఆ క్షణంలో నాకు తెలియదు. ఆవిడకి మాత్రం నేను అక్కడే ఉన్నాను. వారం వారం నన్ను వెనక పెట్టుకుని నన్నే పిలుస్తోంది.

వానలు లేవు, వంకలు లేవు. టీకా వేయించుకుంటే ఆ ఫోన్ ఆగిపోతుంది. అందుకే వెళ్ళలేదు. మంగళవారం నుంచే గడ్డం గీసుకుని కూర్చుంటున్నానని ఎవరితో చెప్పుకోను?

నిన్న టీచరమ్మతో, ‘అదంతా మెషీనండీ, వెళ్ళి టీకా వేయించుకోండి’ అన్నాను. ఆవిడ ఎగపోస్తూనే నా కళ్ళలోకి చూసి, ‘పిలుస్తున్నది మీ ఆవిడ. మీరే వెళ్ళలేదు. మమ్మల్ని వెళ్ళమంటారా?’ అంది.

లెక్కల మనిషి కదా. ఒక్క ప్రశ్నతో నన్ను తీసివేసింది.

నేను వెళ్తేనే టీచరమ్మ కదులుతుంది. వెళ్తే మీ అక్క ఆగిపోతుంది. నువ్వు చెప్పు.

మీ బావ

*

షాపు వెనక గది

బావా,

వెళ్ళు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. రాసి రెండుసార్లు చింపేశాను. టీచరమ్మకి ఊపిరి ఆడుతుండగానే వెళ్ళు. అక్కైతే ఈపాటికి నీ చొక్కా చెయ్యి తనే మడిచి తోసేది.

కానీ వెళ్ళేముందు ఒక్క బుధవారం బాగా విను. మధ్యలో పెట్టేయకు. ‘రండి’ దగ్గర ఆపేయకు. నీ దగ్గు తర్వాత కూడా విను.

నీ మరదలు

*

మూడో అంతస్తు
గురువారం

మరదలా,

పనైంది.

బుధవారం ఇద్దర్నీ నా గదిలో కూర్చోబెట్టాను. పహిల్వాన్ రానన్నాడు. ‘వదినమ్మ తరఫున పిలుస్తున్నా’ అంటే చచ్చినట్టు వచ్చాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాను. టీచరమ్మ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. మోగింది.

ఊపిరి. ‘నమస్కారం. దయచేసి వినండి. మీ వంతు వచ్చింది. రండి.’

సరిగ్గా అక్కడ నేను దగ్గాను. గోడ వారగా, అప్పటి గొంతు తెచ్చుకుని. ఫోన్లోదీ నాదీ ఒక్కటే దగ్గు, ఒకటి కొత్తది, ఒకటి నలిగినది. గదిలో ఉన్నట్టుండి చల్లబడింది. కిటికీ మూసే ఉంది. పహిల్వాన్ నా వంకా ఫోన్ వంకా మార్చి మార్చి చూశాడు. ‘అన్నా, నువ్వు చచ్చిపోయావా?’ అని అడిగాడు.

‘లేదురా. చావకముందు దగ్గాను’ అన్నాను.

అప్పుడు ఆ గది సంగతి, స్టూలు సంగతి చెప్పాను. ముందుగా ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. టీచరమ్మ నోటి మీది కొంగు తీసింది. తర్వాత, ‘అంటే కెప్టెన్ అక్కడ లేడు’ అంది. లేడన్నాను. ‘పక్కన ఖాళీ కుర్చీ?’ అంది. ఒకటే స్టూలు, అది నాదన్నాను. ఆవిడ లేచి చెప్పులేసుకుంది.

నువ్వు చెప్పినట్టు దగ్గు తర్వాత కూడా విన్నాను. ఏం లేదు. కొంచెం నిశ్శబ్దం, తర్వాత ఆ కుర్రాడు.

అట్నుంచి అటే వెళ్ళాం. పొడుగాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, వరసగా ముసలాళ్ళు. ఆటోవాళ్ళు, పెద్ద కార్లవాళ్ళు, చేతికర్రలవాళ్ళు, అందరూ ఒకటే భుజం బయటపెట్టుకుని. స్టేషన్లో రాని రైలు కోసం కూర్చున్నట్టున్నారు. పక్కనున్నావిడ, ‘ఆ ఫోన్లో గొంతు ఎంత బావుంటుందండీ, ఎవరో గానీ’ అంది. నేను అవునన్నాను. పహిల్వాన్ సూది చూడకుండా నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు టీకా ఎడమ చేతికి, నొప్పి కుడి చేతికి. టీచరమ్మ అరగంట కూర్చుని, ఎంతమంది వచ్చారో, ఎంతమంది లేచి నడిచి వెళ్ళారో లెక్కపెట్టుకుని తృప్తిపడింది.

ఇక వచ్చే బుధవారం గడ్డం గీసుకోనక్కర్లేదు.

మీ బావ

*

షాపు వెనక గది, తలుపు వేసుకుని

బావా,

నేను వేయించుకోలేదు.

చెయ్యి రెండు రోజులు లాగిందని రాసింది అబద్ధం. షాపుకొచ్చినవాళ్ళందర్నీ తరిమి తరిమి పంపించి, నేను మాత్రం బుధవారం మధ్యాహ్నం షట్టర్ సగం దించుకుని కూర్చుంటున్నాను. ఒకసారి వచ్చింది, సగంలో పెట్టేశానన్నాను కదా. ఒక్కసారి కూడా పెట్టేయలేదు. నిన్ను తిట్టినప్పుడల్లా నన్ను నేను తిట్టుకున్నాను. తాపీ మేస్త్రీ మళ్ళీ వచ్చి ‘మీది ఏ చెయ్యమ్మా?’ అని అడిగితే కుడి చెయ్యని చెప్పాను.

నీ దగ్గు నాకూ వినపడేది. నీదని తెలియదు. ఎవడో అక్క వెనకాల ఉన్నాడని భయపడ్డాను. భయపడుతూనే విన్నాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ దగ్గు తర్వాత ఇంకొకటుంది. నీ చెవులు ముసలివై అందుకోలేదు. దగ్గిన మరుక్షణం అక్క నవ్వుతుంది. నవ్వు ఆపుకోబోతే ముక్కులోంచి జారిన ముక్క. చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందు నేను వెక్కిళ్ళు పెడితే సరిగ్గా అలాగే నవ్వేది. నువ్వు ఆ చూపు కోపమనుకుని ఇన్నేళ్ళూ వీపు మీద మోస్తున్నావు. కాదు బావా. తను నవ్వింది.

అది వినడానికే నేనూ వెళ్ళలేదు. ఇప్పుడు ఆ ఫోన్ వినడానికి నువ్వు లేవు, నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ వెళ్తే ఆ నవ్వు వినేవాళ్ళు ఎవరూ ఉండరు. నన్నేం చెయ్యమంటావు?

నీ మరదలు

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
బుధవారం

మరదలు పిల్లకి,

అక్షరాలు వంకరపోయాయని భయపడకు. జ్వరం కాదు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మధ్యాహ్నం టీచరమ్మ కాఫీకి వచ్చి కూర్చుంది. ఊపిరి కాస్త నయం. మాట్లాడుకుంటున్నాం. ఫోన్ మోగింది.

ఆవిడా విన్నది. అబద్ధం కాదు, అడిగితే సాక్ష్యం చెబుతుంది. ‘మన పేర్లు తీసేశారన్నారే’ అంది. తీసేశారు. నా ఎదురుగానే తీసేశారు.

ఎత్తాను. ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఆ ఊపిరి నాకు తెలియనిదా. తర్వాత నమస్కారం లేదు. దయచేసి లేదు. మీ వంతని లేదు, రండని లేదు. ఊరికే ఆగింది. ఆ మెత్తల గదిలో తలుపు వేసి ఉన్నప్పుడు ఉండే నిశ్శబ్దం. ఎవరో మాట మొదలుపెట్టబోయి, ముందు నువ్వు కానియ్యి అన్నట్టు.

వెనక మూల దగ్గు లేదు. ఆ స్టూలు మీద ఎవరూ లేరు. నాకు ఒక్కసారిగా తెలిసింది. నేను అక్కడ లేను, ఇక్కడున్నాను.

అందుకని ఇక్కణ్ణుంచే దగ్గాను.

ఆ నవ్వు నా చెవులకి అందదన్నావు కదా. అందింది.

తర్వాత లైను పోయింది. ఆ వైద్య గ్రంథం ఆసామి ఇంకొక్క వారం ఆగి ఉంటే, నా గుండెకి ఇప్పుడు ఏమవుతోందో నీకు పేరు పెట్టి రాసేవాణ్ణి. టీచరమ్మ కప్పు కింద పెట్టి, ‘ఎవరు?’ అంది. ‘తెలిసినవాళ్ళే’ అన్నాను.

రేపు పొద్దున షట్టర్ తెరవకు. నేరుగా వెళ్ళి వేయించుకో. ఆగిపోతుందని భయపడకు. తర్వాత ఏ బుధవారమైనా మోగితే, కంగారుపడి ‘అక్కా’ అనకు. ఆవిడ ఊపిరి పీల్చుకునేదాకా ఆగు. వెక్కిళ్ళు పెట్టడం నీకింకా వచ్చు కదా.

మీ బావ